ఏనుగు పేస్టు చేశాం, నురుగు రాలేదు. ఎక్కడ తేడా కొట్టింది?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ నమస్కారం. నిన్న ఆదివారం మా ఇంట్లో నా పరువు పోయింది, అందుకే ఇక్కడికొచ్చి పడ్డాను. మావాడు నాలుగో క్లాసు. ఫోనులో ఎక్కడో చూశాడు, సీసాలోంచి నురుగు పేస్టు ట్యూబు నొక్కినట్టు బుసబుసా పైకొచ్చి బల్లంతా పరుచుకోవడం. దాన్ని ఏనుగు పేస్టు అంటారట, ఏనుగు పళ్లు తోముకోడానికి సరిపోయేంత వస్తుందని. నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. సరే అని శనివారం మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ వంద మిల్లీలీటర్ల సీసా కొన్నాను, దెబ్బ తగిలితే పోస్తారే, ఆ నురుగు మందు. కిరాణా కొట్టులో బ్రెడ్డు పొంగడానికి వేసే పొడి ఇవ్వమంటే ఒక చిన్న డబ్బా ఇచ్చాడు. గిన్నెలు తోమే విమ్ లిక్విడ్ ఇంట్లో ఉంది, కేసరిలో వేసే రంగు ఉంది.

మా ఆయన, మా అత్తగారు, పక్కింటి ఒడియావాళ్ల పిల్లలిద్దరు, అందరూ పెరట్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు, పెళ్లికొచ్చినట్టు. మావాడు వాళ్ల నాన్న బండి మీద పెట్టుకునే కళ్లద్దాలు పెట్టుకున్నాడు, అవి ముక్కు మీద నిలవక ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు. పొడిని గోరువెచ్చని నీళ్లలో కలుపుతుంటే గిన్నెలోనే బుస్సుమంది. దాన్ని పెరాక్సైడ్, సబ్బు ఉన్న సీసాలో పోస్తే, రాగిజావ పొంగినట్టు ఒక వేలెడు లేచింది, ఆగింది, మళ్లీ కిందికి దిగిపోయింది. అంతే. మా అత్తగారు లేచి కొంగు దులుపుకుని, "ఏనుక్కి కాదమ్మా, చీమక్కూడా చాలదు" అని లోపలికెళ్లిపోయారు. మావాడు రాత్రి అన్నం తినలేదు. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి, ఎక్కడ తేడా కొట్టింది?

బరంపురం బుల్లోడు:
చీమ పేస్టు అని పేరు మార్చేయండి అక్కా, హిట్టవుద్ది.
సరే, జోకు పక్కన పెట్టండి. ఆ డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చూసి చెప్పండి.

గుణుపురం మాస్టారు:
అమ్మా, మీరు రాసినదాంట్లో "గిన్నెలోనే బుస్సుమంది" అన్న ముక్క దగ్గరే నాకు అనుమానం వచ్చింది. ఈ ప్రయోగానికి కావలసింది ఈస్టు, బ్రెడ్డు పిండిని పులియబెట్టేది. నీళ్లు తగలగానే ఈస్టు బుస్సుమనదు, ఊరికే నానుతుంది, బురదనీళ్లలా అవుతుంది, పులిసిన పిండి వాసన వేస్తుంది. బుల్లోడు అడిగింది సరైన ప్రశ్న. డబ్బా చూడండి.

పర్లాకిమిడి కోడలు:
చూశాను. బేకింగ్ పౌడర్ అని ఉంది.

బరంపురం బుల్లోడు:
దొరికాడు దొంగ.

గుణుపురం మాస్టారు:
అదేనమ్మా. కొట్టువాడి తప్పు కాదు, మీ తప్పూ కాదు, బ్రెడ్డు పొంగించే పొడి అంటే రెండూ వస్తాయి. కాకపోతే రెంటికీ చుట్టరికం లేదు. బేకింగ్ పౌడర్ అంటే వంట సోడా, దానికి తోడు పొడిగా ఉండే ఒక ఆమ్లం. నీళ్లు తగిలితే రెండూ కలబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మీ గిన్నెలో బుస్సుమన్నది అదే, అంటే ఆట సీసాలోకి వెళ్లకముందే అయిపోయింది. పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే సరుకు అందులో లేదు.

ఈస్టు ప్రాణమున్నది, అది ఒక రకం శిలీంధ్రం. దానిలో కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పెరాక్సైడ్ అంటే నీళ్లకి ఇంకో ఆక్సిజన్ తగిలించినట్టు అనుకోండి, ఆ తగిలించింది నిలకడగా ఉండదు. సీసాలో కదలకుండా పెట్టినా నెమ్మదిగా విడిపోతూనే ఉంటుంది. నెలలు పట్టే ఆ పనిని కాటలేజ్ నిమిషంలో చేయిస్తుంది, ఒక్కొక్క కాటలేజ్ అణువు సెకనుకి లక్షల కొద్దీ పెరాక్సైడ్ అణువుల్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. అలా విడిపోయిన ఆక్సిజన్‌ని సబ్బు బుడగల్లో బంధిస్తుంది, సీసా మూతి ఇరుకు కాబట్టి అంతా ఒక్క దారినే పైకి తోసుకొస్తుంది. కాటలేజ్ మాత్రం ఖర్చు కాదు. ఇలా తాను ఖర్చవకుండా పని తొందర చేసేదాన్నే ఉత్ప్రేరకం అంటాం. ఒడియాలోనూ అదే మాట.

దెబ్బ మీద ఆ మందు పోస్తే తెల్లగా పొంగుతుంది చూశారా, అక్కడ ఈస్టు ఎవరూ వేయలేదు కదా. మన రక్తంలోనే కాటలేజ్ ఉంది.

ఛత్రపురం మందుల కొట్టు:
నేను మెడికల్ షాపు నడుపుతాను. అక్కా, మీ సీసా లేబుల్ మీద 20 వాల్యూమ్స్ అని కూడా ఉండాలి, మన దగ్గర షాపుల్లో ఎక్కువగా దొరికేది అదే, 6 శాతంది. 20 వాల్యూమ్స్ అంటే ఒక మిల్లీలీటరు మందు పూర్తిగా విడిపోతే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. మీ వంద మిల్లీలీటర్ల సీసాలో రెండు లీటర్ల ఆక్సిజన్ దాక్కుని ఉంది. అరలీటరు బాటిల్లోంచి రెండు లీటర్ల గాలి నురుగై రావాలంటే ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి.
విదేశీ వీడియోల్లో ఇంట్లో చేసేవాళ్లు సాధారణంగా వాడేది 3 శాతంది. మనది దానికి రెట్టింపు ఘాటు. కాబట్టి కళ్లద్దాలు మంచి పనే, వదలొద్దు. కుర్రాడి సైజువి చూడండి.

కాశీనగర్ పిన్ని:
ఇంతకీ ఎవరూ అనలేదేంటి, గజపతి జిల్లాలో కూర్చుని ఏనుగు పేస్టు రాలేదంటే ఎలాగమ్మా. జిల్లా పేరులోనే గజం ఉందాయె.
(మా వాళ్ల అరటితోటని ఏనుగులు తొక్కేసిన ఏడాది నుంచి మా ఇంట్లో ఏనుగంటే ఎవరికీ నవ్వు రాదు. లఖారి అడవి దిక్కు నుంచి వస్తాయి. వాటికి పేస్టు ఇస్తే తోటలు వదిలేస్తాయంటే ట్యాంకరు నిండా నేనే చేయిస్తాను.)

పర్లాకిమిడి కోడలు:
పిన్నిగారూ, ఆ మాట మా ఆయన కూడా అన్నారు, పైగా ఇక్కడి మహారాజు పేరు మీద పెట్టిన జిల్లా అని క్లాసు పీకారు.
మాస్టారూ, చాలా థాంక్స్. రేపు బేకరీలో అడుగుతాను.

బల్లార్షా తమ్ముడు:
వీళ్లందరూ ఎందుకు ఇంత కష్టపడుతున్నారో నాకు అర్థం కావట్లేదు. పెద్ద వీడియోల్లో అందరూ 30 శాతంది వాడతారు. మా దగ్గర కెమికల్ షాపులో అడిగితే ఇస్తారు. పార్లర్లో జుట్టుకి రంగేసేటప్పుడు కలిపే డెవలపర్ కూడా అదే కదా, 40 వాల్యూమ్ అని అమ్ముతారు. కొంచెం ఘాటుది తెచ్చుకుంటే ఈస్టు గొడవ కూడా తగ్గుతుంది, పైకప్పు తాకుతుంది నురుగు. పిల్లలకి చూపించాలంటే అలా చూపించాలి.

రాయగడ మామయ్య:
తమ్ముడూ, పిల్లలు చుట్టూ కూర్చునే చోట ఆ మాట అనకు.
నేను ఒక పేపరు మిల్లులో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. గుజ్జుని తెల్లబరచడానికి పెరాక్సైడ్ వాడతారు, మాకు ట్యాంకర్లలో వచ్చేది 50 శాతంది. చూడ్డానికి అచ్చం మంచినీళ్లు. ఒకసారి గ్లౌజు చిరిగిందని తెలిసీ, రెండు నిమిషాల పనే కదా అని వాల్వు దగ్గర చెయ్యి పెట్టాను. బొట్టున్నర పడుంటుంది. ముందు ఏమీ తెలియలేదు. చూస్తుండగానే బొటనవేలి పక్కన చర్మం సున్నం రాసినట్టు తెల్లగా పాలిపోయింది, తర్వాత సూదులు గుచ్చినట్టు పోటు. కుళాయి కింద పెట్టి పావుగంట కడిగాను, అయినా ఆ పూట చెంచా పట్టుకోలేకపోయాను. అది నా చేతికి, పని ముదిరిన చేతికి. పిల్లల కంట్లో పడితే ఏమవుతుందో ఆలోచించు.
30 శాతంది కూడా తక్కువ తినలేదు. వంద మిల్లీలీటర్లు ఒక్కసారి విడిపోతే పుట్టే వేడికి అందులోని నీళ్లే మరిగిపోతాయి, ఆ వీడియోల్లో పైకి లేచేది పొగ కాదు, ఆవిరి. వాళ్లు గౌను, ముఖానికి అడ్డం, గ్లౌజులు అన్నీ వేసుకుని చేస్తారు, ఆ ముక్క వీడియోలో కట్ అయిపోతుంది.

ఛత్రపురం మందుల కొట్టు:
మామయ్యగారికి వంద మార్కులు. పార్లర్ది 40 వాల్యూమ్ అంటే 12 శాతం, అదీ పిల్లల ఆటవస్తువు కాదు. పైగా చాలావరకు క్రీములాగ ఉంటుంది, దీనికి పనికి రాదు.

బల్లార్షా తమ్ముడు:
సరే మామయ్యా, ఒప్పుకున్నాను. పోస్టు తీసేయమంటారా?

రాయగడ మామయ్య:
ఉంచు. నీలాగే అనుకునేవాళ్లు కింద జవాబు కూడా చదువుతారు.

బరంపురం బుల్లోడు:
నాదీ ఒకటి ఉంది, చెప్పాలంటే సిగ్గే. ఇంటర్లో ఉన్నప్పుడు ఇదే ప్రయోగం చేస్తూ, అది పైకి రాకుండా మూత బిగిస్తే రాకెట్టులా లేస్తుందని తెలివి తేటలు చూపించాను. 6 శాతందే, ఈస్టే. అరనిమిషం కూడా ఆగలేదు, సీసా చీలిపోయింది. నాకు దెబ్బ తగల్లేదు, చెవులు మాత్రం సాయంత్రం దాకా గుయ్యిమన్నాయి, మేడ గది సీలింగు మీద పచ్చరంగు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, ఇల్లుగలాయన అడ్వాన్సులో కోశాడు. రెండు లీటర్ల గాలి అని మందుల కొట్టు అన్నయ్య పైన చెప్పింది చదువుతుంటే ఇప్పుడు అర్థమైంది ఎందుకు పేలిందో. మూత పెట్టొద్దు. వేలు కూడా అడ్డం పెట్టొద్దు.

సిరొంచ ఆడపడుచు:
మాది గోదావరి గట్టు, ఇవతల మహారాష్ట్ర, వంతెన దాటితే కాళేశ్వరం. మా దగ్గర ఈస్టు దొరకడం కష్టమండి, రెండు మూడు దుకాణాలు తిరిగినా లేదన్నారు. బిడ్డ బడిలో విజ్ఞాన్ ప్రదర్శన్ ఉంది, దానికి ఏదైనా చేయాలి. మాస్టారు సార్ అన్నట్టు రక్తంలో ఉందంటే, ఇంకా దేంట్లోనైనా ఉంటుందా ఆ కాటలేజ్? రక్తం పట్టుకెళ్లలేం కదా బడికి.

గుణుపురం మాస్టారు:
ప్రాణమున్న చాలావాటిలో ఉంటుందమ్మా. పచ్చి బంగాళాదుంప తీసుకోండి, తురిమి, ఆ తురుము రెండు చెంచాలు సీసాలో వేయండి. కోడి కార్జంలో ఇంకా ఎక్కువుంటుంది, కానీ బడికి కార్జం పట్టుకెళ్లమని నేను చెప్పను.
ఈస్టంత జోరుగా రాదు, ముందే చెబుతున్నాను.

సిరొంచ ఆడపడుచు:
ఆలుగడ్డ అయితే ఇంట్లోనే ఉంది! చూసి చెప్తా సార్.

బరంపురం బుల్లోడు:
బంగాళాదుంపా, ఆలుగడ్డా? ముందు ఈ చర్చ తేల్చండి, ప్రయోగం తర్వాత.

సిరొంచ ఆడపడుచు:
ఆలుగడ్డే. తేలింది.
ఇప్పుడే చేసి చూశాం. ఒక వింత చెప్పాలి. నేను తొందర్లో కూరకి ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్క ముందు వేశాను, తురమడం బద్ధకమై. చడీచప్పుడు లేదు. సరేనని పచ్చిది తురిమి ఇంకో గ్లాసులో వేస్తే, ముందు తురుము చుట్టూ ముత్యాల్లా చిన్న చిన్న బుడగలు అంటుకున్నాయి, తర్వాత తురుము మొత్తం పైకి తేలి, దాని మీద తెల్లటి నురుగు గ్లాసు అంచు దాకా వచ్చి మెల్లగా పొర్లింది. ఏనుగుకి సరిపోదు గాని మేకకి సరిపోతుంది. రెండు గ్లాసులు పక్కపక్కన పెడితే ఎంత తేడానో! ఉడికించింది ఎందుకు రాలేదు సార్?

గుణుపురం మాస్టారు:
అమ్మా, మీ బిడ్డ ప్రదర్శనకి ఆ రెండు గ్లాసులే పట్టుకెళ్లమనండి. సీసాలోంచి నురుగు పొర్లించడం అందరూ చేస్తారు, పచ్చిది పొంగింది, ఉడికింది ఎందుకు పొంగలేదు అని అడిగేవాళ్లు తక్కువ. ఎంజైము ప్రోటీన్. వేడి తగిలితే దాని ఆకారం చెడిపోతుంది, కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే గట్టిపడి మళ్లీ నీరుగా మారనట్టే. ఆకారం పోతే పనీ పోతుంది. మూడో గ్లాసు కూడా పెట్టమనండి, అందులో ఒట్టి పెరాక్సైడ్, ఏమీ వేయకుండా. లేకపోతే ఎవరో ఒకరు అది దానంతటదే పొంగుతోందంటారు.

జయపురం నాన్న:
మాకు ఇద్దరాడపిల్లలు, పోయిన నెల మేమూ చేశాం. నురుగు వచ్చింది బానే ఉంది గానీ, పెద్దది అడిగింది "నాన్నా, ఇందులో ఉన్నది ఆక్సిజనే అని ఎలా నమ్మాలి, నిమ్మకాయ, సోడా కలిపినా ఇలాగే పొంగుతుంది కదా" అని. దేవుడి గదిలోంచి అగరుబత్తి తెచ్చి వెలిగించి, మంట ఆర్పి, ఎర్రటి కొనని నురుగులో గుచ్చాను. తుస్సుమని ఆరిపోయింది, తడి నురుగు కదా. పిల్లలు నవ్వారు. నాకు పంతం వచ్చింది. ఈసారి సబ్బు వేయకుండా పొడుగు గ్లాసులో పెరాక్సైడ్, ఈస్టు మాత్రమే కలిపి, బుడగలు జోరందుకున్నాక కొత్త బత్తి కొనని నీళ్లకి తగలకుండా గ్లాసు లోపలికి దించాను. ఒక్కసారి తెల్లగా మెరిసి, చిన్న మంట లేచింది! బయటికి తీస్తే మళ్లీ మామూలు ఎరుపు, లోపలికి దించితే మళ్లీ మంట. అలా ఆరేడుసార్లు. పక్క గ్లాసులో నిమ్మరసం, వంట సోడా వేసి, అందులోకి దించితే టక్కున ఆరింది. నురుగు కంటే ఇదే వాళ్లకి నచ్చింది. బత్తి మాత్రం నా చేతిలోనే ఉంచుకున్నాను.

చిన్నది ఒడియా మీడియం. ఆక్సిజన్‌ని అమ్లజాన్ అంటుంది. మా అమ్మ చదువుకున్న పాత తెలుగు పుస్తకంలో ఆమ్లజని. నానమ్మ, మనవరాలు ఆ మాట దగ్గర కలిశారు, మధ్యలో ఆక్సిజన్ అనే నేనే పరాయివాణ్ణయ్యాను.

సిరొంచ ఆడపడుచు:
మా బిడ్డ మరాఠీ పుస్తకంలో ప్రాణవాయు అని కూడా ఉంది. అది మన మాటే కదా.

కాశీనగర్ పిన్ని:
నాకో డౌటు. నురుగు రెండింతలు రావాలంటే వెనిగర్, వంట సోడా కూడా అందులోనే వేసేయొచ్చు కదా?

గుణుపురం మాస్టారు:
వద్దమ్మా. పెరాక్సైడ్, వెనిగర్ కలిస్తే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది, ముక్కు, కళ్లు, గొంతు మండిస్తుంది. బాత్రూము కడిగే ద్రావకాలు, బ్లీచింగు పౌడరు, ఏవీ దీని దగ్గరికి రానివ్వొద్దు. పెరాక్సైడ్, ఈస్టు, గిన్నెల సబ్బు, రంగు. ఐదోది లేదు.

పర్లాకిమిడి కోడలు:
రెండోసారి కూడా పోయింది. ఏడుపొస్తోంది.
బేకరీలో అడిగితే డబ్బులు తీసుకోలేదు, వాడుతున్న డ్రై ఈస్టులోంచి అగ్గిపెట్టెడు పేపర్లో పొట్లం కట్టి ఇచ్చాడు, ఆవగింజల్లాంటి గోధుమరంగు పలుకులు. కొత్త పెరాక్సైడ్ సీసా కొన్నాను. ఈసారి ఎవర్నీ పిలవలేదు, నేనూ, మావాడూ, మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని. ఈస్టు బాగా కరగాలని టీ నీళ్లు మరుగుతుంటే అందులోంచే గరిటెడు పోసి కలిపాను. వాసన వచ్చింది మాస్టారు చెప్పినట్టే. సీసాలో పోస్తే పది బుడగలు కూడా రాలేదు. మావాడు ఈసారి ఏమీ అనలేదు, అది ఇంకా బాధగా ఉంది.

బరంపురం బుల్లోడు:
అక్కా, టీ నీళ్లు!!

గుణుపురం మాస్టారు:
అమ్మా, పైన సిరొంచ అమ్మాయి ఉడికించిన బంగాళాదుంప కథ మీరు చదవలేదు. మీరు ఈస్టుని ఉడకబెట్టారు.
పాలు తోడు పెడతారు కదా రోజూ. వేడి పాలలో తోడు వేస్తే పెరుగవుతుందా? చిటికెనవేలు పెట్టి చూసి, గోరువెచ్చగా ఉంటేనే వేస్తారు. సరిగ్గా ఆ వేడే కావాలి, ఏ థర్మామీటరూ అక్కర్లేదు, మీ వేలికి తెలుసు. ఒక పెద్ద చెంచాడు ఈస్టు, మూడు పెద్ద చెంచాల నీళ్లు, ఐదు నిమిషాలు నానబెట్టి బాగా కలపండి, గడ్డలు ఉండకూడదు. నీళ్లు ఎక్కువ పోస్తే పెరాక్సైడ్ పలచబడి నురుగు జారిపోతుంది. సబ్బు ఒక్క చెంచా చాలు. సీసా మూతి ఇరుగ్గా ఉండాలి, మంచినీళ్ల బాటిల్ అరలీటరుది మంచిది, కూజాలాంటి వెడల్పు మూతిది పెడితే పేస్టులా రాదు, పాలు పొంగినట్టు వస్తుంది.

జయపురం నాన్న:
రంగు లోపల కలపకండి. మూతి లోపలి అంచు మీద రెండు వైపులా చారల్లా జారవిడవండి. చారల పేస్టు వస్తుంది.
పంచదార వేయాలని కొన్నిచోట్ల రాస్తారు, అక్కర్లేదు, ఈస్టు పెరగాలని మనం ఆగట్లేదు కదా, దానిలో ఉన్న ఎంజైమే కావాలి.

ఛత్రపురం మందుల కొట్టు:
ఇంకో సంగతి. సీసా తెరిచి చాలా రోజులైతే మందు చచ్చిపోయి ఒట్టి నీళ్లు మిగులుతాయి. ముదురురంగు సీసాలో ఇచ్చేది కూడా వెలుతురుకి పాడవుతుందనే. అనుమానమొస్తే కోసిన బంగాళాదుంప మీద ఒక చుక్క వేయండి, బుసబుసమంటే బతికున్నట్టు.

రాయగడ మామయ్య:
మందు పోసేది పెద్దవాళ్లు, ఈస్టు నీళ్లు పోసేది పిల్లలు. పోసి వెంటనే వెనక్కి రావాలి. నురుగుని వెంటనే ముట్టుకోనివ్వకు తల్లీ, 6 శాతందానికి కూడా వేడి పుడుతుంది.

గుణుపురం మాస్టారు:
అవును, లెక్క ప్రకారం మీ వంద మిల్లీలీటర్లకి పాతిక డిగ్రీల దాకా పెరగొచ్చు, కాస్త గాలికి పోతుందనుకోండి. ఎండాకాలంలో బాగా తెలుస్తుంది.

పర్లాకిమిడి కోడలు:
వచ్చింది!!!!
ఉండండి, మొదట్నుంచీ చెప్తాను. ఇవాళ పొద్దున. ఈసారి మావాడే వద్దంటే నేనే బతిమాలాను. చిటికెనవేలు పెట్టి చూసి నీళ్లు పోశాను, తోడు వేసినట్టే. పెరట్లో గచ్చు మీద అట్లపిండి కలుపుకునే పెద్ద పళ్లెం, అందులో బాటిల్. పెరాక్సైడ్ నేను పోశాను, సబ్బు వేసి మెల్లగా తిప్పాను, మూతి అంచున ఎరుపు ఒక వైపు, నీలం ఒక వైపు. వాడు గరాటులోంచి ఈస్టు నీళ్లు పోశాడు, గరాటు లాగేశాడు, రెండడుగులు వెనక్కేశాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేసరికి బాటిల్ లోపల గోధుమరంగు నీళ్లు తెల్లబడ్డాయి, మెడ దాకా ఒక్క ఊపున లేచింది, మూతిలోంచి లావుపాటి వత్తిలా బయటికొచ్చి, నిటారుగా ఒక జానెడు నిలబడి, బరువుకి పక్కకి ఒరిగి, చుట్టలు చుట్టుకుంటూ పళ్లెంలోకి. ఎర్రచారా, నీలంచారా స్పష్టంగా. ఆగదే! పళ్లెం నిండింది, గచ్చు మీదికి పాకింది. మావాడు అరిచిన అరుపుకి పక్కింటి పిల్లలిద్దరూ గోడెక్కేశారు. బాటిల్ పట్టుకుంటే వేడివేడి కాఫీ గ్లాసులా ఉంది. కాసేపయ్యాక చెయ్యి పెట్టి చూశాను, లోపల ఇంకా వెచ్చగా ఉంది, పైన మెత్తగా, పెళ్లికొడుక్కి గడ్డం గీసే నురుగులా.

మా అత్తగారు వచ్చి నడుం మీద చేతులేసుకుని చూసి, "ఇదేదో మొదటిరోజే చేసుంటే పిల్లాడు అన్నం తినేవాడు కదా" అన్నారు. మాస్టారూ, మీ తోడు మాటకి దణ్ణం.

బరంపురం బుల్లోడు:
చీమ నుంచి ఏనుగు దాకా! సూపర్ అక్కా.

సిరొంచ ఆడపడుచు:
మా బిడ్డ మూడు గ్లాసులు పట్టుకెళ్లింది. ఒక టీచరమ్మ ఉడికించిన ఆలుగడ్డ గ్లాసు దగ్గర ఆగి ఇది పని చేయట్లేదు తీసేయ్ అన్నారట. మాది పదినిమిషాలు నిలబడి వివరించిందంట.

గుణుపురం మాస్టారు:
భేష్! ఆ పిల్లకి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండమ్మా.

పర్లాకిమిడి కోడలు:
చివరగా ఒక్క ప్రశ్న, ఇది ప్రయోగానికి సంబంధించింది కాదు, సంసారానికి సంబంధించింది. నురుగంతా నీళ్లు కొట్టి కాలవలోకి తోసేశాను, చేతులు సబ్బుతో కడిగించాను, అంతా బానే ఉంది. గచ్చు మీద ఎర్రమచ్చ మాత్రం పోవట్లేదు. కొబ్బరిపీచు పెట్టి తోమాను, సర్ఫు వేశాను, లాభం లేదు. ఎల్లుండి మా ఆడపడుచు వస్తోంది.

రాయగడ మామయ్య:
సీసాలో ఏమైనా మిగిలిందా తల్లీ? అదే కొంచెం మచ్చ మీద పోసి, అరగంట వదిలేసి చూడు. కాగితం తెల్లబరిచేదానికి గచ్చు ఒక లెక్కా. బట్టల మీద మాత్రం పడనీయకు, రంగు లాగేస్తుంది.

పర్లాకిమిడి కోడలు:
సగం పోయింది మామయ్యగారూ. మిగతా సగం మీద తులసికోట పక్కనున్న కుండీ జరిపి పెట్టాను.